ఎండకు వెఱవని మధువు

ఎండ యనగానే మా మడకశిర సీమవారికి మొట్టమొదట స్ఫురించునది నష్టము. ఆషాఢము గడచి శ్రావణము నడిమికి వచ్చినను మేఘము మొగము చూపక, వేరుసెనగ ఊడలు దిగు వేళకు నేల బిగిసిపోయి, చెఱువులు నెఱ్ఱెలు వాఱి, వందలాది అడుగుల లోతునకు దింపిన బోరు సైతము గాలిని మాత్రమే వెడలగ్రక్కిన సంవత్సరములు మా తరమువారెవ్వరును మఱవగలిగినవి కావు. శిర, పావగడ, మధుగిరి, హిందూపురముల నడుమ నున్న మా పీఠభూమి అనంతపుర సీమలోనిది. ఆ సీమకు సాలునకు సగటున 550 మిల్లీమీటర్ల వాన కురియునని లెక్కలు చెప్పును గాని, ఆ వానయైనను కురియవలసిన నెలలో కురియుట అరుదు. ఇట్టి చోట పుట్టి, వేసవిని శత్రువుగా నెంచుటకు బాల్యమునుండి అలవాటుపడిన నాకు, ఎండ ఒక పదార్థమును చెఱుపక పండించుననియు, అట్లు పండిన రుచి నూఱేండ్లైనను నిలువగలదనియు తెలియజెప్పినది పోర్చుగల్లు దేశపు ద్రాక్షమధువు. ఆ మధువుపై నాకు గలిగిన యనురాగమును, దానిని ఆప్తులతో పంచుకొనుటలో నే నెఱిగిన సౌఖ్యమును ఇచ్చట చెప్పదలచితిని.

నా మేనల్లుడు బెంగుళూరులో కంప్యూటరు కొలువున నున్నవాడు. కంపెనీ పనిమీద పోర్చుగల్లు వెళ్ళి వచ్చినప్పుడు వాడు నాకొక పోర్టు సీసా తెచ్చెను. అంతకు మునుపు పోర్టు అనినచో నేనెఱిగినది గోవా చూచి వచ్చినవారు తెచ్చెడి చౌకైన తీపి మధువే. దొడ్డబళ్ళాపురము, చిక్కబళ్ళాపురము దారుల ప్రక్కన గంపలలో అమ్మునట్టి నల్లని, మందపు తోలు ద్రాక్ష, బెంగుళూరు బ్లూ అని జనులు పిలుచునది, మన దేశపు ఇట్టి మధువులకు ముడిసరుకు. ఆ ద్రాక్షను నేను తక్కువ చేయను. దాని ఘాటైన వాసన నాకు చిన్ననాటినుండి ప్రీతికరము. కాని మేనల్లుడు తెచ్చినది వేఱొక జాతికి చెందినది. "మామా, ఒక్క గుక్క తాగి చూడు, నచ్చకపోతే పక్కన పెట్టేద్దాం" అని వాడు చిన్న గాజు గ్లాసులో రెండు వ్రేళ్ళ మందము పోసి యిచ్చెను. ఎఱ్ఱగా నుండునని తలచితిని. తోమి తోమి అరిగిన పాత రాగిచెంబు అంచున కనబడునట్టి కావివన్నె అందు తేలుచుండెను. వాసన చూచిన వెంటనే ఎండిన అంజూరము, నారింజతొక్క, వేయించిన బాదము తోచినవి. నోట నిడిన పిదప తీపి ముందు నడచెను, దాని వెనుక వగరు, ఆ వెనుక సన్నని పులుపు. మ్రింగిన చాలసేపటికి కూడ నాలుక మొదలున ఒక చిఱుచేదు మిగిలియుండెను. సీసాపై ఇరువదియేండ్ల టానీ యని యున్నది. చిన్న కొయ్యపీపాలలో ఏండ్ల తరబడి నిలువయుంచిన సరకులను పెక్కింటిని కలిపి, ఇరువదియేండ్ల వయసున కుండదగిన రుచి తెచ్చి సీసాకెక్కించినదని దాని తాత్పర్యము. పీపా కొయ్యలోని సూక్ష్మరంధ్రముల గుండ గాలి మెల్లగా లోనికి జొచ్చి ఎఱుపును కావిగా మార్చును, కొంత మధువు ఏటేట ఆవిరియై పోవును, మిగిలినది చిక్కపడును.

ఆ రుచి నన్ను విడువలేదు. దాని పుట్టుపూర్వోత్తరములు తెలిసికొనవలెనను కోరికతో దొరకిన పుస్తకములెల్ల చదివితిని, మేనల్లుని ప్రశ్నలతో వేధించితిని. తెలిసినకొలది పోర్టునకు పుట్టినిల్లైన డౌరో నదీలోయ నాకు పరదేశముగా తోచుట మానినది. పోర్టో నగరమునకు తూర్పున, అట్లాంటికు సముద్రపు వానమేఘములను పర్వతములు అడ్డగించిన చాటున నున్న లోయ యది. స్పెయిను సరిహద్దు సమీపించినకొలది వాన తగ్గుచు వచ్చి, ఎగువ భాగమున మా అనంతపురమునకు మించని వర్షమే కురియును. తమ దేశమున తొమ్మిది నెలలు చలికాలము, మూడు నెలలు నరకము అని అచ్చటి రైతులు చెప్పుకొందురు. నేల యంతయు పలకఱాయి. ఆ ఱాయి నిలువుగా చీలును గనుక ద్రాక్షవేరు ఆ చీలికల వెంట తడిని వెదకుచు ఎన్నో అడుగుల లోతునకు దిగి, మూడు నెలల నరకమును అచ్చటనే దాటును. ఆ కొండవాలులను తరతరముల కూలీలు సుత్తులతో, గడ్డపాఱలతో పగులగొట్టి, పగిలిన ఱాళ్ళనే సున్నము లేకుండ పేర్చి, మెట్లు మెట్లుగా తోటలు వేసిరి. 19వ శతాబ్దిలో ఫిలాక్సెరా అను పేనువంటి పురుగు వేళ్ళను పీల్చి తోటలను హతమార్చినప్పుడు యజమానులు విడిచిపెట్టిపోయిన మెట్లు నేటికిని ఆ కొండలపై బీళ్ళుగా నున్నవి. గుడిబండ, రొళ్ళ దారులలో వానకు నోచక బీడుపడిన చేలను చూచి చూచి అలసిన కన్నులతో ఆ మెట్ల చిత్రమును నేను చాలసేపు చూడజాలకపోతిని.

1756లో పొంబాలు అను మంత్రి ఈ లోయకు ఎల్లలు నిర్ణయించి, తరువాతి యేండ్లలో గ్రానైటు స్తంభములు పాతించి, వాని లోపల పండినదే పోర్టు కాదగునని శాసించెను. చరిత్రకారులకు ఆ శాసనము గొప్పది కావచ్చును; నన్ను ఎక్కువగా ఆకర్షించినది తయారీలోని ఒక ఘడియ. శరత్కాలమున కోసిన ద్రాక్షను, మా సీమ గుట్టలలో దొరకునట్టి గ్రానైటుతోనే చేసిన విశాలమైన తొట్లలో పోసి, కూలీలు భుజము భుజము చేర్చి వరుసకట్టి, మొదటి రెండు గంటలు అందఱి అడుగు ఒక్క అడుగుగా త్రొక్కుదురు. పిదప వరుస విడచి, పాటలు పాడుచు, ఎవరికి వారు త్రొక్కుదురు. రెండు మూడు దినములలో రసము పొంగును. పండులోని తీపి సగపాలు సారముగా, అనగా ఆల్కహాలుగా, మారిన వేళ కనిపెట్టి, 77 శాతము సారము గల ద్రాక్షబ్రాందీని దానితో కలుపుదురు. 435 లీటర్ల రసమునకు 115 లీటర్ల బ్రాందీ, వెరసి 550 లీటర్ల పీపా యని పాతలెక్క. పొంగించు సూక్ష్మజీవులు అంతటితో నశించును; అప్పటికి మారక మిగిలిన పండు తీపి అట్లే నిలిచిపోవును. కొంచెము తొందరపడిన మధువు పాకమగును, కొంచెము ఆలసించిన తీపి యంతయు హరించును. ఆ వేళను గుర్తించుటయే అచ్చటి వృత్తివారి విద్య, యంత్రములెన్ని వచ్చినను తండ్రి కొడుకునకు చెప్పవలసిన విద్య.

పోర్చుగీసువారికిని మా సీమకును పరిచయము నేటిది గాదు. కృష్ణదేవరాయల కాలమున విజయనగరమును దర్శించిన డొమింగో పేస్ అచ్చట ద్రాక్షపండ్లు అమ్ముటను చూచి వ్రాసెను. రాయలవారు రాజధాని చెంత పెద్ద చెఱువు కట్టింపబూనినప్పుడు, గోవా గవర్నరు పంపిన జోవావ్ ద లా పోంతె యను ఱాతిపనివాడు తోడ్పడెనని ఆనాటి పోర్చుగీసువారి వ్రాతలలో నున్నది. 1565లో తళ్ళికోట యుద్ధానంతరము విజయనగరము పాడుపడగా రాజధాని యైన పెనుగొండ మా ఊరికి చేరువలోనిదే. ఆ దేశపు ఓడల వెంట వచ్చిన మిరప మా రాగిసంకటి పళ్ళెమున స్థిరనివాస మేర్పఱచుకొన్నది. ఆ దేశపు మధువునకు మాత్రము మా ఇండ్లలో చోటు దొరకలేదు.

పోర్టు నన్ను మేల్కొలిపినది. నా హృదయమును సంపూర్ణముగా హరించినది మదీరా. ఆఫ్రికా ఖండమునకు వాయవ్యమున, అట్లాంటికు నడుమ నున్న అదే పేరుగల పర్వతద్వీపమును పోర్చుగీసువారు 15వ శతాబ్ది ప్రథమార్ధమున ఆవాసముగా చేసికొని, చెఱకును ద్రాక్షను నాటిరి. ఇండియాకు పోవు నౌకలు ఆ దీవి రేవైన ఫుంచాలున నిలిచి నీరును ఆహారమును ఎక్కించుకొనుచు, వానితోపాటు మధువు పీపాలను గూడ ఎక్కించుకొనెడివి. 18వ శతాబ్దిలో ఇంగ్లీషు కంపెనీవారి చెన్నపట్నపు కోటలో మదీరా లేని విందు లేదు. ఫుంచాలులో నెక్కిన పీపా చెన్నపట్నము చేరులోపల రెండుమాఱులు భూమధ్యరేఖను దాటవలెను: ఒకమాఱు అట్లాంటికున దక్షిణాభిముఖముగా, మఱియొకమాఱు గుడ్‌హోప్ అగ్రమును చుట్టివచ్చి హిందూమహాసముద్రమున ఉత్తరాభిముఖముగా. నెలల తరబడి ఓడ అడుగున, గాలి యాడని ఉక్కలో, అలల తాకుడునకు ఊగుచు పోవు ద్రాక్షరసమునకు పట్టవలసిన గతి పులిసి చెడుట. బ్రాందీ చేర్చిన మదీరా చెడలేదు సరికదా, బయలుదేరిన నాటికంటె చేరిన నాడు మేలుగా నుండెను. ఇది గ్రహించిన వర్తకులు కొన్ని పీపాలను కేవలము ప్రయాణము కొఱకే ఓడల కెక్కించి, ఇండియా త్రిప్పి వెనుకకు తెచ్చి, ఆ యాత్రను చెప్పుకొనియే హెచ్చు వెలకు అమ్మసాగిరి. కోరమండల తీరపు ఉక్కపోత, మనము విసనకఱ్ఱలతో తరిమికొట్టజూచు ఆ ఉక్కపోత, ఒక దేశపు మధువునకు విద్య గఱపినది. ఈ సంగతి చదివిన రాత్రి నాకు పట్టరాని సంతోషము కలిగెను.

18వ శతాబ్ది చివరనుండి ఆ దీవివారు సముద్రయాత్ర చేయు పనిని ఇంటియొద్దనే నెఱవేర్చు ఉపాయము లాలోచించిరి. సాధారణపు రకములను తొట్లలో పోసి 45 మొదలు 50 డిగ్రీల వేడిలో మూడు నెలలకు తక్కువ గాకుండ కాగనిత్తురు. ఉత్తమములైనవానిని పీపాలలో నింపి, గిడ్డంగుల పై అంతస్తులో, కప్పు క్రింద, ఎండ తాకిడికి విడిచిపెట్టుదురు. ఆ పీపాలు వేసవిలో వేడెక్కి, శీతకాలమున చల్లబడుచు, ఇరువది, ముప్పది, ఒక్కొక్కప్పుడు నూఱు సంవత్సరములు అట్లే యుండును. కప్పు క్రింది వేడి యెట్టిదో మాకు ఎవ్వరును చెప్పనక్కఱలేదు. వైశాఖమాసపు మధ్యాహ్నమున రేకులయింటి అటకపై చేయి పెట్టినవాడు అచ్చట ఒక వస్తువు బాగుపడునని నమ్మజాలడు. నేనును నమ్మకపోదును, బువాల్ ద్రాక్షతో చేసిన మదీరాను రుచి చూడకున్నచో. ముదురుపాకమున దింపిన బెల్లపు మాధుర్యము, దానిని నిలువునా చీల్చుకొని వచ్చు చింతపండు పులుపు: హిందూపురపు చింతపండు మార్కెట్టు గాలి పీల్చి పెరిగిన నాకు ఆ పులుపు ఆత్మబంధువు. ఆ పులుపే లేకున్న ఆ తీపి రెండవ గుక్కకు వెగటు కలిగించును. సెర్సియాల్ అన్నిటికంటె పొడిగాను, వెర్దేల్యు కొంచెము తీపిగాను, బువాల్ మఱికొంత తీపిగాను, మల్వజియా మిక్కిలి తీపిగాను ఉండును. ఏ రకమందైనను పులుపు తన పదవిని వదలుకొనదు. నా తీర్పు బువాల్ పక్షము.

ఆ దీవికిని మా సీమకును మఱియొక బాంధవ్య మున్నది. మధువు విషయము పక్కన బెట్టియైనను దానిని చెప్పక పోలేను. దీవి ఉత్తరమున వాన సమృద్ధిగా కురియును, ద్రాక్షకు చెఱకుకు తగిన దక్షిణపు వాలులు ఎండిపోవుచుండును. అందుచేత తొలినాటి నివాసులు మొదలుకొని నేటివఱకు కొండల నడుములను తొలిచి, మనిషి ఒక్కడు నడచుటకు వీలైన గట్టుతో సన్నని కాలువలు త్రవ్వి, ఉత్తరపు నీటిని దక్షిణమునకు నడిపించిరి. లెవాదాలని వానికి పేరు. ఏ వాలు తోటకు ఏ గంటకు నీరు వదలవలెనో నిర్ణయించుటకు కాపరు లుందురు. శ్రీశైలము వెనుకజలములనుండి కృష్ణమ్మను ఎత్తిపోతల మీద ఎత్తిపోతలతో కొండలెక్కించి తెచ్చు హంద్రీ-నీవా మడకశిర శాఖాకాలువ కొఱకు కన్నులు కాయలు కాచునట్లు ఎదురుచూచిన మాకు, ఆ కాలువగట్ల చిత్రములు ఏ దేవాలయ గోపురపు చిత్రమునకును తీసిపోవు.

ఇంతవఱకు చదివిన పాఠకుడు, ముఖ్యముగా పాఠకురాలు, మద్యమును గూర్చి ఇంత ప్రీతితో వ్రాయుట తగునా యని యడుగవచ్చును. అడుగవలెను గూడ. కూలిడబ్బు ఇల్లు చేరకముందే సారాయి అంగడి పాలగుటను మా గ్రామములలో చూడని బాలుడు లేడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాయిపై తిరుగబడిన వార్త విన్నప్పుడు మా ఊరి స్త్రీల కన్నులలో మెఱసిన వెలుగును నేనెఱుగుదును. 1993లో సారాయి నిషేధము, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వారి కన్నీటి ఫలములే. రెండేండ్లు తిరుగునంతలో 1997లో ఆ నిషేధము సడలిపోవుట నాకు నేటికిని దుఃఖకారణము. ఆకలిమీద, అలసటమీద, మఱపు కొఱకు త్రాగు సారాయిని నేను ద్వేషింతును, ఆ ద్వేషమును దాచుకొనను. చరకుడు మదాత్యయమను మద్యపానరోగమునకు చికిత్స చెప్పు సందర్భమున, మద్యము స్వభావమున అన్నమువంటిదే యనియు, విధి తప్పిన రోగమును, విధి తప్పకున్న అమృతతుల్యతను కలిగించుననియు వ్రాసెను. ఆ విధిలో దేశము, కాలము, వయసు, ఆహారము, తోడి జనము, పరిమాణము అన్నియు చేరును. భోజనానంతరము చిన్న గ్లాసెడు, తెలిసిన నలుగురి నడుమ, సంభాషణ కొఱకు: నే నెఱిగిన విధి యిది. దీనిని పాటింపజాలనని తన్ను తా నెఱిగినవాడు ఈ మధువు జోలికి పోకుండుటయే మేలు.

నా ఆప్తులలో మొదట రుచి చూచినవారు మా ఊరి వైద్యులొకరు. ఎండుద్రాక్షను కషాయము కాచి, బెల్లము కలిపి, ఏలకులు, మిరియాలు, పిప్పళ్ళు చేర్చి, పులియుటకు ధాతకీపుష్పములు వేసి, జాడీమూతికి గుడ్డ చుట్టి మన్ను మెత్తి నెలనాళ్ళు కదపక యుంచి ద్రాక్షారిష్టము చేయు పెద్దమనిషి. మదీరా చుక్కలు కొన్ని నాలుకపై నుంచుకొని కన్నులు మూసికొని, "ఏమప్పా, ఇది అరిష్టమే గదా! దినుసులు లేవు, పూలు లేవు, మిగతాదంతా నా జాడీ వాసనే" అనెను. నేను పుస్తకములలో వెదకి వెదకి అలసిన మాట ఆయన నోట అప్రయత్నముగా వెలువడినది. అమరాపురమున వక్కతోట గల మిత్రుడు ఒకనాటి సాయంకాలము టానీని త్రాగి, గ్లాసు క్రింద పెట్టి, కొంతసేపు మాటాడక యుండి, "అన్నా, తీపి పొయ్‌నాక వగరు నిలబడల్ల. మంచి వక్క గుర్తు అదే. దీంట్లో నిలబడింది" అని చెప్పెను. ఆ వగరు ద్రాక్షతొక్కనుండియు, పీపా కొయ్యనుండియు వచ్చునని నేను చదివియుంటిని. వక్క కొఱికి రుచి నిర్ణయించువాని నాలుక దానిని చదువకయే పట్టుకొన్నది.

ఇచ్చట నాకు తోచిన సంగతి యొకటి గలదు. ఒంటరిగా రుచి చూచినప్పుడు ఈ మధువు నాకు ఇంగ్లీషు పుస్తకముల మాటలలోనే వినబడెడిది: చూడని పండ్లు, ఎఱుగని కాయలు, తినని మిఠాయిలు. నలుగురితో కూర్చున్న నాటినుండి అది తెలుగున మాటాడ మొదలిడినది. వైద్యుడు అరిష్టమనెను, తోటమిత్రుడు వక్కవగరనెను, మేనల్లుని భార్య ఉసిరికాయ తిన్న పిదప నీళ్ళు త్రాగిన తీపి యనెను. ఒక్కొక్కరు ఒక్కొక్క రుచికి పేరు పెట్టుచు పోగా, ఎక్కడి పలకఱాళ్ళపై పండిన ద్రాక్షయో మా అరుగుపై కూర్చున్నట్లయినది. అనురాగము రహస్యముగా నుండినంతకాలము దానికి సగమే ప్రాణము. రుచి విషయమున ఇది మఱింత సత్యము, ఏలయన నాలుక తాను గ్రహించినదానిని మఱియొక నాలుక ఒప్పుకొనువఱకు పూర్తిగా నమ్మదు. నా యొద్ద నున్న మంచి సీసాలలో ఒక్కదానిని గూడ నేను ఒంటరిగా తెఱచుట మానితిని.

వీనికి తోడుగా ఏమి తినవలెనని అడుగువారు గలరు. ఆ దేశమువారు బాదముగింజలు, ఆక్రోటులు, గట్టి జున్నుముక్కలు పెట్టుకొందురు. మా యింట పల్లీచిక్కి పెట్టుదుము. ముదురుపాకపు బెల్లముతో చేసిన మా సీమ వేరుసెనగ చిక్కిని ఒక ముక్క కొఱికి, దానిపై టానీ గుక్క త్రాగినచో, వేగిన గింజ కమ్మదనము మధువులోని కమ్మదనమును గుర్తుపట్టి పిలుచును. వానలు చాలని నేలలో పండిన మా గింజకు ఇంతకంటె గౌరవమైన పొత్తు నేను చూడలేదు.

పాఠకులకు నా విన్నపము: మీ బంధువులెవరైన ఆ దేశమునకు పోయి ఏమి తేవలెనని యడిగినచో, ఒక్క సీసాకే అవకాశమున్నచో, మదీరానే కోరుకొనుడు, అందులోను బువాల్ దొరకునేమో చూడుమనుడు. సీసాను పండుకొనబెట్టక నిలువుగా నుంచుడు. త్రాగనివారిని త్రాగుమని నిర్బంధింపకుడు; వాసన చూచుటకు గ్లాసు చేతికిచ్చిన చాలును. ఒక్కనాడే ముగింపవలెనను తొందర వలదు. ఒకే యేటి పంటతో చేసిన మంచి వింటేజి పోర్టు మూత తీసిన రెండు మూడు దినములలో వాడిపోవును, టానీ కొన్ని వారములు నిలుచును; మదీరా మాత్రము మూత తీసిన పిదప మా చైత్రవైశాఖములలో గూడ నెలల తరబడి రుచి చెడక యుండును.